ఆరే నూనె, ఆరని నూనె

(అప్పనపల్లిలో అంతర్జాతీయ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మన సంస్కృతి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మా ముందు మాట్లాడినవాళ్లు కొమ్ము నృత్యం గురించి, భూమి పండగ గురించి చాలా బాగా చెప్పారు. మేము తెడ్డు గురించి చెబుతాం. అన్నం కలిపే తెడ్డు. దానికి రాసే నూనె. ఇంత పెద్ద సభలో ఇదేం విషయం అనుకోకండి. రెండేళ్ల క్రితం ఇదే ఊళ్లో, ఇదే రోజున, ఆ నూనె దగ్గరే మా పరువు పోయింది.

మూడేళ్ల క్రితం కార్తీక మాసంలో మా హాస్టల్ ఆడపిల్లల్ని విహారానికి ఇక్కడికి తెచ్చాం. బాల బాలాజీ దర్శనం చేసుకుని, వైనతేయ ఒడ్డున పులిహోర పొట్లాలు విప్పుకుని తిన్నాం. కొండ పిల్లలకి ఇన్ని కొబ్బరి చెట్లు ఒక్కచోట చూడటమే వింత. తిరిగి వెళ్లేటప్పుడు ఒక ఇంట్లో తీసిన కొబ్బరి నూనె అయిదు లీటర్ల డబ్బా కొన్నాం. తలకి రాసుకోవడానికే కొన్నాం. కాని అప్పటికే మా పిల్లలు వడ్రంగి దగ్గర మిగిలిన పనస ముక్కలు, వేప ముక్కలు తెచ్చుకుని తెడ్లు, గరిటెలు, చిన్న పీటలు చెక్కడం మొదలుపెట్టారు. వాటికి ఏం పూయాలి? వార్నిష్ వద్దనుకున్నాం. గదిలో ఒకసారి వేస్తే రాత్రంతా పిల్లలు దగ్గారు. పైగా వేడి అన్నంలో తిప్పే తెడ్డుకి వార్నిష్ వేస్తే అది పెచ్చులూడి అన్నంలోకే వస్తుంది. మరి కొబ్బరి నూనె ఉందిగా! తినే నూనె, చెట్టు నుంచి వచ్చిన నూనె. అరవై తెడ్లకి పట్టించాం. మెరిసిపోయాయి. ఒక్కొక్కదానికి చీటీ కట్టాం, "అడవి బిడ్డల సహజ నూనె పూత" అని. ఆ మాట రాసింది మేమే. ఇవాళ తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ మరుసటి ఆగస్టులో ఇక్కడ ప్రదర్శన పెట్టమన్నారు. వానలు. తడవకూడదని తెడ్లన్నీ ప్లాస్టిక్ సంచుల్లో బిగించి తెచ్చాం. ఇక్కడ విప్పితే కొన్నిటి మీద బూజు చుక్కలు, అన్నిటికీ ముక్కిపోయిన వాసన. తుడిచి బల్ల మీద పెట్టాం. ఒక పెద్దావిడ వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్ల చెక్కిన గరిటె చేతిలోకి తీసుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంది, చీటీ చదివింది. "సహజమే అనుకో తల్లీ, చేతికి అంటుకుంటోంది కదమ్మా" అని మెల్లగా మళ్లీ బల్ల మీద పెట్టేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఆవిడ కోపంగా అనలేదు. అందుకే మరీ గుచ్చుకుంది. ఆ సాయంత్రం ఆ పిల్ల తన గరిటెలన్నీ వైనతేయలో పడేస్తానంటే మేము చేతులు పట్టుకుని ఆపాం.

మర్నాడు పొద్దున్నే ఈ ఊళ్లో ఒక వడ్రంగి తాత దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన గరిటె మీద బొటనవేలు రాసి చూసి నవ్వారు. "కొబ్బరి నూనె రాసేరాండీ? అదెక్కడ ఆరుద్దండీ? ఆరిపోయేదైతే జుట్టుకెందుకు రాసుకుంటామండీ!" అన్నారు. బీఎడ్‌లో భౌతిక రసాయన శాస్త్రాలు చదివి, పిల్లలకి పాఠాలు చెప్పి వచ్చిన మాకు ఆ ఒక్క మాట తట్టలేదు. "మా నాన్న కుర్చీలకి అవిసె గింజల నూనె పట్టించేవోడండి, అది ఆరుద్ది" అని కూడా ఆయనే చెప్పారు.

హాస్టల్‌కి వెళ్లాక పిల్లలతో ఒక ప్రయోగం చేశాం. ఇది ఏ బడిలోనైనా చేయవచ్చు, ఖర్చు లేదు. ఆరు గాజు పలకలు తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కో నూనె చుక్క వేసి వేలితో పలచగా పరిచాం. కొబ్బరి, ఆముదం, ఇప్ప, నువ్వులు, వలిసె, అవిసె గింజలు. దుమ్ము పడకుండా, గాలీ వెలుతురూ తగిలేలా కిటికీలో పెట్టాం. రోజూ సాయంత్రం ఒక పిల్ల వేలు పెట్టి చూసి పుస్తకంలో రాయాలి. అవిసె నూనె అయిదో రోజుకి పొరలా గట్టిపడింది, గోటితో గీస్తే ముడత పడింది. వలిసె నూనె రెండు వారాల దాకా జిగటగా ఉండి, ఆ తర్వాత పట్టుకుంది. నువ్వుల నూనె నెలకి కూడా జిగురే. కొబ్బరి, ఆముదం, ఇప్ప మాత్రం వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, మీద నాలుగు చీమలు అదనం.

నూనె ఆరడమంటే గుడ్డ ఆరినట్టు కాదు. గుడ్డలో నీరు ఆవిరై వెళ్లిపోతుంది. నూనె ఎక్కడికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని ఒక అణువు పక్క అణువుతో చెయ్యి కలుపుకుంటూ వలలా అల్లుకుపోతుంది. ద్రవం కాస్తా కర్ర పోగుల్లోనే గట్టి పదార్థం అవుతుంది. అలా చెయ్యి కలపడానికి ఖాళీ చేతులుండాలి. ఆ చేతులు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్కని అయోడిన్ విలువ అంటారు. కొబ్బరి నూనెకి అది 10 లోపు. ఆముదానికి 80, 90 మధ్య. వలిసెకి 125 దాటుతుంది. అవిసె గింజల నూనెకి 170 పైమాటే. క్రికెట్ బ్యాట్‌కి లిన్సీడ్ ఆయిల్ రాస్తారు కదా, అది ఇదే. ఈ మాట చెబితే మా పిల్లల తమ్ముళ్లు కూడా చెవులు రిక్కించారు.

ఇక్కడ ఒక చిన్న చిక్కు. గోదావరి జిల్లాల్లో అవిసె అంటే తమలపాకు తోటల్లో తీగ పాకించే చెట్టు. దాని పూలు కూర వండుకుంటాం. ఈ నూనె ఆ చెట్టుది కాదు. కిరాణా కొట్లో అవిసె గింజలు అని గోధుమ రంగులో నున్నగా మెరిసే చిన్న గింజలు అమ్ముతారు, వాటిది. మేము గింజలు కొని గానుగలో ఆడించాం.

ఇంకో జాగ్రత్త. రంగుల కొట్టుకి వెళ్లి లిన్సీడ్ ఆయిల్ ఇమ్మంటే డబుల్ బాయిల్డ్ అని డబ్బా ఇస్తారు. తొందరగా ఆరడానికి అలాంటి నూనెల్లో కోబాల్ట్, మాంగనీస్ లాంటి లోహాల లవణాలు కలుపుతారు. తలుపుకి, గేటుకి మంచిదే. నోట్లోకి వెళ్లే వస్తువుకి వద్దు. వార్నిష్ సంగతీ అంతే. మేము వార్నిష్‌కి శత్రువులం కాము. మా హాస్టల్ బెంచీలకి వార్నిషే వేయించాం. కాని పాత రంగు డబ్బాలు అటక మీద ఉంటే వాటిని పిల్లల బొమ్మలకి వాడకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని కేంద్రం 2016లో నియమం తెచ్చింది. అంతకు ముందు డబ్బాల్లో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు?

ఇప్పుడు అసలు మాటకి వస్తాం.

ప్రయోగంలో ఇప్ప నూనె ఆరలేదని రాసిన రోజున ఆ ఎనిమిదో తరగతి పిల్ల ఒప్పుకోలేదు. "మా నాయనమ్మ తెడ్డుకి ఇప్ప నూనే రాస్తుంది మేడం. ఆ తెడ్డు మా నాన్న పుట్టకముందుది. చేతికి అంటదు, వాసన రాదు" అంది. మాకు ఆశ్చర్యమేసింది. గాజు పలక అబద్ధం చెప్పదు, పిల్లా అబద్ధం చెప్పదు. దసరా సెలవులకి పిల్లని ఇంట్లో దింపడానికి మారేడుమిల్లి అవతల వాళ్ల గూడెం వెళ్లాం. కొండరెడ్ల ఇల్లు. పొయ్యి మీద వెదురు అటక. ఆ అటక మీద మొక్కజొన్న కంకులు, విత్తనాల బుట్టలు, సొరకాయ బుర్రలు, ఆ పక్కన తెడ్డు. అన్నీ నల్లగా, నున్నగా, పాలిష్ పట్టినట్టు. తెడ్డు తీసి వాసన చూశాం. పొగ వాసన తప్ప ఏమీ లేదు. "దీనికి ఏం రాస్తావు అవ్వా?" అని అడిగితే ఆమె పొయ్యి వైపు చూపించింది. "రాసేదేముందమ్మా, పొగే పెడద్ది. నూనె పండక్కి ఒకసారి తుడుత్తాం, అంతే."

అదీ సంగతి. పని చేసింది నూనె ఒక్కటే కాదు. తరతరాల పొగ. కట్టె పొగలో ఉండే తారు, ఫినాల్ జాతి పదార్థాలు కర్రకి పుచ్చు పట్టకుండా, బూజు రాకుండా కాపాడతాయి, నూనె ముక్కిపోకుండా ఆపుతాయి. పొయ్యి వేడికి చెమ్మ చేరదు. రోజూ చేతిలో తిరిగే వస్తువు కాబట్టి అరిగి నునుపెక్కుతుంది. జపాన్‌లో పాత ఇళ్ల పొయ్యి మీద వందేళ్లు పొగ తాగిన వెదురుని సుసుదాకే అంటారు. ఇల్లు పడగొట్టేటప్పుడు ఆ వెదురుని ఏరి, మంచి ధరకి వేణువులకీ, తేనీటి పాత్రల పనికీ వాడతారు. మన అవ్వ అటక మీద ఉన్నది కూడా అదే. మనం మసి అని తుడిచేస్తున్నాం.

మేము చేసిన తప్పు ఏమిటో అక్కడ అర్థమైంది. పెద్దల పద్ధతిలోంచి నూనె ఒక్కటీ తీసుకుని, దాని చుట్టూ ఉన్న పొయ్యినీ పొగనీ వదిలేసి, పేరు మాత్రం "సహజం" అని రాసుకున్నాం. మా హాస్టల్‌లో వండేది గ్యాసు మీద. ఆ తెడ్డు ఇక్కడి వంటింట్లో పెడితే ఆరు నెలల్లో పుచ్చుతుంది. అలాగని పొగ పొయ్యి మళ్లీ పెట్టుకోమని మేము ఎప్పుడూ అనం. ఆ పొగ తెడ్డుకి మేలు చేసింది కాని అవ్వ కళ్లకీ ఊపిరితిత్తులకీ చేయలేదు. మేము మాట్లాడుతున్నంత సేపూ ఆమె దగ్గుతూనే ఉంది. పొగ వెళ్లిపోయిన వంటింట్లో దాని పని ఇంకొకటి చేయాలి. అందుకే ఆరే నూనె.

సహజమైనదల్లా మంచిది అనే మాట మీద కూడా కొంచెం అనుమానం పెట్టుకోండి. ఇక్కడికి దూరం కాని మోరి జీడిపప్పుకి పేరు. జీడిపిక్క తొక్కలో నూనె ఉంటుంది. పడవల చెక్కకి పురుగు పట్టకుండా రాస్తారు. అది పూర్తిగా సహజం. చేతి మీద పడితే బొబ్బలెక్కుతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లని అడగండి, చెబుతాయి.

మరి మన కొండల్లో ఆరే నూనె లేదా అంటే, ఉంది. పాడేరు, అరకు వైపు పిల్లలు మా దగ్గర ఇద్దరున్నారు. గాజు పలక మీద వలిసె నూనె గట్టిపడిన రోజు వాళ్ల మొహాలు చూడాలి. చలికాలం మొదట్లో అరకు లోయ పసుపు పచ్చగా మారితే బస్సుల్లో జనం వచ్చి ఫొటోలు తీసుకుంటారే, ఆ వలిసె పూలవే ఈ గింజలు. ఫొటో తీసుకున్నవాళ్లలో ఎంతమందికి అది నూనె పంట అని తెలుసో! అవిసె కంటే నెమ్మదిగా ఆరుతుంది, కాని ఆరుతుంది. ఇప్పుడు మేము రెండూ సగం సగం కలుపుతున్నాం. పైన పూతకి తేనె మైనం. తేనె పట్టు పిండాక మిగిలే మైనాన్ని చాలాచోట్ల పారేస్తున్నారు. జీసీసీకి తేనె అమ్మే తల్లిదండ్రులు ఇక్కడున్నారు కదా, ఆ మైనం దయచేసి పారేయకండి, మాకివ్వండి.

పద్ధతి చెబుతాం. చెక్కిన వస్తువుని ముందు 120 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 220తో రుద్దాలి. తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిస్తే పోగులు లేచి గరుకవుతుంది. మళ్లీ 220తో రుద్దాలి. ఇది ఒకసారి చేస్తే తర్వాత నీళ్లలో కడిగినా పోగులు లేవవు. పిల్లలు బద్ధకించేది ఈ పనికే. నూనె గిన్నెని వేడి నీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చగా చేయాలి, మంట మీద పెట్టకూడదు. గుడ్డతో ధారాళంగా పట్టించి, ఇరవై నిమిషాలు ఉంచి, మిగిలినదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. తుడవడమే ముఖ్యం. మెరుపు కోసం మందంగా వదిలేస్తే పైన తొక్క కట్టి లోపల జిగురుగా ఉండిపోతుంది. రెండు మూడు రోజులు గాలిలో ఉంచి రెండో పూత, మళ్లీ మూడోది. తర్వాత మూడు వారాలు ముట్టుకోకూడదు. వానాకాలమైతే నెల. చివర్లో నాలుగు వంతుల నూనెలో ఒక వంతు మైనం కరిగించి, చల్లారాక వెన్నలా అయినదాన్ని రుద్ది తుడిచేయాలి. టేకు ముక్కలకి మాత్రం ఆలస్యంగా ఆరుతుంది, టేకులో ఉన్న సహజమైన జిడ్డు అడ్డుపడుతుంది. పనస, వేప, మామిడి హాయి.

ఇప్పుడు ఒక భయం చెప్పాలి. ఇది చెప్పకుండా పద్ధతి చెబితే పాపం. మూడో విడత పనులప్పుడు నూనె తుడిచిన గుడ్డలన్నీ ముద్దగా చుట్టి మెట్ల కింద ప్లాస్టిక్ తొట్టిలో పడేశాం. మెట్ల పక్క గదిలోనే పిల్లలు పడుకుంటారు. రాత్రి పదకొండింటికి చదువుకుంటున్న ఒక పిల్ల ఏదో మాడు వాసన వస్తోందని లేపింది. వెళ్లి ముద్దలో చెయ్యి పెడితే లోపల చుర్రుమంది. ఎవరూ నిప్పు పెట్టలేదు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి గాలికి పోతుంది, ముద్దలో పోవడానికి దారి లేక పెరిగి పెరిగి అంటుకుంటుంది. బకెట్లతో నీళ్లు పోశాం. ఆ రాత్రి మేము నిద్రపోలేదు. ఆ పిల్ల తొందరగా పడుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడం ఇప్పటికీ మా వల్ల కాదు. 1991 ఫిబ్రవరిలో అమెరికాలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇలాంటి అవిసె నూనె గుడ్డల వల్లే తగలబడింది, ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఈ సంగతి మేము ముందే చదివి ఉండాల్సింది, తర్వాత చదివాం. కాబట్టి ఇప్పుడు మా నియమం: గుడ్డలు ఆరుబయట తీగ మీద ఒక్కొక్కటిగా, ఒకదాని మీద ఒకటి పడకుండా ఆరేయాలి, బిర్రుగా అయ్యాకే పారేయాలి. అంత టైము లేకపోతే నీళ్ల బకెట్లో ముంచి బయట పెట్టాలి. లెక్క పెట్టి ఇచ్చిన గుడ్డలు లెక్క పెట్టి తీసుకుంటాం.

ఏటికొప్పాక బొమ్మల్లా లక్క వేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రతో చేసే ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు వదిలి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లాంటి చెట్ల రంగులకి ఆ పనిని మళ్లీ తిప్పిన చింతలపాటి వెంకటపతి రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా భయం లేని బొమ్మ కావాలని ఆయన పడిన తపన మాకు గురుపాఠం. కాని లక్క 70, 80 డిగ్రీల వేడి దగ్గర మెత్తబడుతుంది. బొమ్మకి లక్క సరిపోతుంది. ఉడుకుతున్న అన్నంలో తిప్పే తెడ్డుకి కాదు. ఏ వస్తువు ఏం పని చేస్తుందో చూసుకుని పూత ఎంచుకోవాలి.

వాడకం గురించి. తెడ్డుని నానబెట్టకండి, కడిగి నిలబెట్టి ఆరబెట్టండి. సబ్బు పొడి వద్దు, కుంకుడు నీళ్లు చాలు. రెండు నెలలకి రంగు వెలిసినట్టు అనిపిస్తే మళ్లీ ఒక పూత. వార్నిష్ పోతే మొత్తం గీకాలి, నూనె పూత పోతే పోయినచోట రాసుకోవచ్చు. మాకు ఇందులో నచ్చింది ఇదే.

ఈసారి చీటీల మీద "సహజం" అని రాయలేదు. ఏ కర్ర, ఏ నూనె, ఏ తేదీన చివరి పూత వేశాం, అంతే రాశాం. ఆ ఎనిమిదో తరగతి పిల్ల ఇప్పుడు పదో తరగతి. వాళ్ల నాయనమ్మ తెడ్డు కూడా తెచ్చింది, అది అమ్మకానికి కాదు. బయట వరండాలో మూడు తెడ్లు పక్కపక్కన పెట్టాం. ఒకటి అవ్వది, ఒకటి రెండేళ్ల కిందటి కొబ్బరి నూనెది, ఒకటి ఈ ఏటిది. మూడూ చేత్తో పట్టుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. రెండేళ్ల క్రితం వచ్చిన పెద్దావిడ ఈ సభలో ఉంటే, అమ్మా, దయచేసి మీరు ముందు రండి.